గిరిగిరి లెక్క తేల్చే మిషన్: ఫైనాన్స్ పరీక్షకు ఏ కాలిక్యులేటర్ కొనాలి, కొన్నాక ఏం చేయాలి

పోయిన నెల మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి "అన్నా, చౌరస్తాల కాలిక్యులేటర్ తీసుకున్న, ఫొటో పెట్టిన చూడు" అన్నాడు. తెరిచి చూస్తే సైన్, కాస్, ట్యాన్ అన్నీ ఉన్న సైంటిఫిక్ కాలిక్యులేటర్. వాడు రాయబోయేది సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) లెవెల్ 1. తప్పు వాడిదని అనలేను, షాపాయనదనీ అనలేను. ఫైనాన్స్ కాలిక్యులేటర్ కావాలంటే పాపం ఆయన తన దగ్గరున్నవాటిలో ఎక్కువ మీటలున్నదాన్ని తీసి ఇచ్చాడు. హన్మకొండలో ఇంజినీరింగ్ పిల్లలు కొనేది అదే కాబట్టి షాపుల్లో దొరికేదీ అదే.

వాడికి ఆ రాత్రి ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా సీఎఫ్ఏ, ఎఫ్ఆర్ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్), సీఏ, లేదా బ్యాంకులో చేరి జేఏఐఐబీ రాస్తుంటే, డబ్బులు పెట్టేముందు ఒక్కసారి చదవండి.

మొదటి పని: ఏ పరీక్షో చూసుకోండి, కాలిక్యులేటర్ సంగతి తర్వాత

ఏది బాగుంటుంది అని అడిగేముందు, దేన్ని లోపలికి రానిస్తారు అని అడగాలి. సీఎఫ్ఏకి రెండే కుటుంబాలు: టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల బీఏ 2 ప్లస్ (దాని ప్రొఫెషనల్ మోడల్ కూడా సరే), హెచ్‌పీ 12సీ (దాని ప్లాటినం కూడా సరే). ఈ రెండూ కాక ఇంకేదీ నడవదు, ఎంత ఖరీదైనదైనా సరే. ఎఫ్ఆర్ఎంకి ఈ రెండింటితో పాటు హెచ్‌పీలో 10బీ2, 10బీ2 ప్లస్, 20బీ కూడా ఒప్పుకుంటారు. అంటే బీఏ 2 ప్లస్ గానీ 12సీ గానీ కొంటే రెండు పరీక్షలకూ పనికొస్తుంది, రేపు మనసు మారి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లినా డబ్బు వృథా కాదు.

సీఏ సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఫైనాన్షియల్ కాలిక్యులేటర్ తీసుకెళ్తే పక్కన పెట్టేస్తారు. బ్యాటరీతో నడిచే మామూలుది, ఆరు ఫంక్షన్లు, 12 అంకెలు, రెండు మెమరీలు, అంతవరకే. జేఏఐఐబీ రాసే బ్యాంకు వాళ్లకూ 12 అంకెల మామూలు కాలిక్యులేటరే, ఆ నియమం అడ్మిట్ లెటర్ మీదే రాసి ఉంటుంది, మనమే చదవం. కాబట్టి సీఏ, జేఏఐఐబీ వాళ్లు అనవసరంగా వేలు పోయకండి.

అయినా ఆ మామూలు దాంట్లో కూడా వడ్డీ లెక్కలు బ్రహ్మాండంగా చేయొచ్చు, చాలామంది దాన్ని కూడికలకే వాడి వదిలేస్తారు. 9 శాతం చక్రవడ్డీ కావాలా? సిటిజన్ కంపెనీ దాంట్లో 1.09 కొట్టి గుణకారం నొక్కి, ఈక్వల్ నొక్కుతూ పొండి: మొదటి నొక్కుకు 1.1881, అంటే రెండేళ్లది, రెండో నొక్కుకు మూడేళ్లది. క్యాసియోలో అయితే గుణకారం మీట రెండుసార్లు నొక్కాలి, తెర మీద చిన్న కే అక్షరం కనబడుతుంది, ఆ తర్వాత ఈక్వల్. జీటీ అనే మీట ఉన్నది కొనండి. ఈక్వల్ నొక్కినప్పుడల్లా వచ్చిన జవాబులన్నీ అది కూడి పెడుతుంది. సిటిజన్‌లో 1 ని 1.1 తో భాగించి మూడుసార్లు ఈక్వల్ నొక్కి, ఆపైన జీటీ నొక్కితే 2.4869 దగ్గర వస్తుంది, అదే మూడేళ్లకు 10 శాతం మీద యాన్యుటీ ఫ్యాక్టర్, అంటే ఏటా ఒక రూపాయి చొప్పున మూడేళ్లు వస్తే దాని ఇవాళ్టి విలువ. (క్యాసియోలో 1.1 కొట్టి, భాగహారం రెండుసార్లు, 1, ఆ తర్వాత మూడు ఈక్వల్‌లు.) టేబుల్ వెతుక్కోవాల్సిన పనిలేదు.

ఇక ఇక్కడి నుంచి చెప్పేదంతా సీఎఫ్ఏ, ఎఫ్ఆర్ఎం వాళ్లకు.

రెండో పని: బీఏ 2 ప్లస్సా, 12సీనా

నా మాట సూటిగా చెబుతాను, పదిమందిలో తొమ్మిదిమందికి బీఏ 2 ప్లస్ చాలు. 12సీ చెడ్డదని కాదు. 1981లో వచ్చిన మిషన్, ఇప్పటికీ అమ్ముడుపోతోందంటే ఊరికే కాదు, మీటలు నొక్కుతుంటేనే హాయిగా ఉంటుంది. కానీ దానికి ఈక్వల్ మీటే లేదు. 2 కొట్టి, ఎంటర్ నొక్కి, 3 కొట్టి, ఆఖర్న ప్లస్ నొక్కాలి. అంకెలు ముందు, గుర్తు వెనక. ఆ పద్ధతి వంటబట్టినవాళ్లకు బ్రాకెట్ల గొడవ ఉండదు, ఇంకోటి ముట్టుకోబుద్ధి కాదు. మనలా చిన్నప్పటి నుంచి ఈక్వల్ నొక్కి పెరిగినవాళ్లకు మాత్రం మొదటి నెలంతా టెన్షనే. ప్లాటినంలో మామూలు పద్ధతికి మార్చుకునే వీలుంది, కానీ అలా మార్చుకునేదానికి 12సీ కొనడం దేనికి?

12సీతో ఇంకో చిక్కుంది, చాలామందికి మాక్ టెస్ట్‌లో తగిలేదాకా తెలియదు. లక్ష రూపాయలు 9 శాతం మీద ఎన్నేళ్లకు రెండు లక్షలవుతాయి అని అడిగారనుకోండి. బీఏ 2 ప్లస్ 8.04 అంటుంది. 12సీ 9 అంటుంది! అది చెడిపోలేదు, ఎన్ (ఎన్నేళ్లు, ఎన్ని వాయిదాలు అన్న సంఖ్య) విలువను పై పూర్ణాంకానికి ఎత్తేయడం దాని అలవాటు. ఆప్షన్లలో 8.04, 9 రెండూ ఉంటే మీ గతి ఏంటో ఆలోచించండి.

ఇంట్లో అన్నయ్యదో అక్కదో 12సీ ఉండి, వాళ్లు పక్కన కూర్చుని నేర్పేలా ఉంటే అది వాడండి. లేకపోతే బీఏ 2 ప్లస్. కోచింగ్ వీడియోలు దాదాపు అన్నీ దాని మీటలతోనే చెబుతాయి, అదొక్కటే పెద్ద కారణం.

మరి మామూలు బీఏ 2 ప్లస్సా, ప్రొఫెషనలా? ప్రొఫెషనల్‌కు బాడీ గట్టిగా ఉంటుంది, మీటలు మెత్తగా దిగుతాయి, పేబ్యాక్ (పెట్టుబడి తిరిగొచ్చే కాలం), మాడిఫైడ్ ఐఆర్ఆర్ (ఐఆర్ఆర్ అంటే డబ్బు మీద నిజంగా పడే వడ్డీ రేటు), డ్యురేషన్ (వడ్డీ రేటు మారితే బాండు ధర ఎంత కదులుతుందో చెప్పేది) లాంటివి నేరుగా వస్తాయి. ధర ఎక్కువ. అవి లేకపోయినా పరీక్ష రాయొచ్చు, మామూలు దాంతోనే పాసైనవాళ్లు బోలెడుమంది. మామూలు దాంతో నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు మీటల మీద: వేగంగా కొడితే ఒక్కోసారి ఒక అంకె పడదు. 500000 కొట్టాననుకుంటారు, తెర మీద 50000 ఉంటుంది. అందుకే కొట్టిన ప్రతి అంకెనూ తెర మీద చూసుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

మూడో పని: కొనడం, కొన్న వారంలో పరీక్షించడం

మన వరంగల్, హన్మకొండ, కరీంనగర్ షాపుల్లో ఇది చేతికి దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి, లేదంటే హైదరాబాద్‌లో ఎవరితోనైనా. సెకండ్ హ్యాండ్ కూడా మంచిదే, పరీక్ష అయిపోయిన సీనియర్లు సగం ధరకు ఇచ్చేస్తారు, నాదీ అలా వచ్చిందే. కాకపోతే కొత్తదైనా పాతదైనా వాపసుకు గడువు ఉండగానే ఈ నాలుగూ చేయండి:

ఒకటి, 1234567890 వేగంగా పదిసార్లు కొట్టండి, ఏ అంకెనూ మింగకూడదు. రెండు, ఎన్, ఐ/వై (వడ్డీ రేటు), పీవీ (ఇవాళ్టి మొత్తం), పీఎంటీ (వాయిదా), ఎఫ్‌వీ (ఆఖర్న మిగిలే మొత్తం) అనే ఐదు మీటల్లో తలా ఒక అంకె వేసి, ఆర్‌సీఎల్ నొక్కి తిరిగి పిలిచి చూడండి. మూడు, ఆఫ్ చేసి మర్నాడు పొద్దున మళ్లీ చూడండి, వేసిన అంకెలు అలాగే ఉండాలి. పోయాయంటే బ్యాటరీ అయిపోవచ్చింది. నాలుగు, వెనక్కి తిప్పి బ్యాటరీ ఏదో చూడండి, సీఆర్ 2032 అనే గుండ్రటి బిళ్ల, వాచీ షాపులో దొరుకుతుంది.

ఎప్పుడు కొనాలి? పుస్తకాలతో పాటే. సిలబస్ అయ్యాక కొందాం అనుకునేవాళ్లకే ఇబ్బంది. ఫోన్‌లో దాని ఆప్ ఉంది కదా అంటారు, బస్సులో ప్రాక్టీస్‌కు మంచిదే గానీ గాజు మీద నొక్కడానికి అలవాటుపడిన వేలికి అసలు మీట చిక్కదు. సీఎఫ్ఏ లెవెల్ 1లో ఒక సెషన్‌కు 90 ప్రశ్నలు, 135 నిమిషాలు, అంటే ప్రశ్నకు నిమిషంన్నర. అందులో చదవడమే ముప్పావు నిమిషం పోతుంది. మీట ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఉండదు.

నాలుగో పని: సెట్టింగులు (ఇది దాటేయకండి)

నా అనుభవం చెప్పి మొదలుపెడతా. పరీక్షకు మూడు వారాల ముందు ఒక మాక్ రాశాను. యాన్యుటీ ప్రశ్నలు వరుసగా ఆరు తప్పు. ఫార్ములాలు చూసుకున్నా, సరిగ్గానే ఉన్నాయి. రాత్రి పదకొండింటికి తెర పైభాగంలో చీమంత అక్షరాలతో బీజీఎన్ అని కనబడింది. అంతకు నాలుగు రోజుల ముందు అద్దె లెక్క ఒకటి చేస్తూ, వాయిదా నెల మొదట్లో కట్టేలా మార్చి, వెనక్కి మార్చడం మర్చిపోయా. ఆఫ్ చేసినా అది పోదు. తప్పు జవాబులన్నీ ఆప్షన్లలో ఉన్నాయి, అందుకే ఒక్కదానికీ అనుమానం రాలేదు.

కాబట్టి వరుసగా చేయండి. ముందు సెకండ్ (2nd అని ఉండే మీట, మీటల పైన రాసినవి పనిచేయాలంటే ముందు దీన్ని నొక్కాలి), రీసెట్ (ప్లస్/మైనస్ మీట పైన రాసి ఉంటుంది), ఎంటర్. మిషన్ కడిగిన పలకలా అవుతుంది.

తర్వాత దశాంశాలు. ఫ్యాక్టరీ నుంచి రెండే వస్తాయి. సెకండ్, ఫార్మాట్ (చుక్క మీట పైన), 4, ఎంటర్. కొందరు 9 పెట్టుకోమంటారు, అలా పెడితే దశాంశాలు ఎన్ని ఉంటే అన్నీ చూపిస్తుంది. నాకు నాలుగే కంటికి సుఖం.

అదే ఫార్మాట్‌లో కింది బాణం నాలుగుసార్లు నొక్కితే సీహెచ్ఎన్ అని వస్తుంది. అంటే 2 + 3 × 4 కొడితే ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోయి 20 చెబుతుంది. సెకండ్, సెట్ నొక్కితే ఏఓఎస్ అవుతుంది, అప్పుడు బడిలో చెప్పినట్టు గుణకారం ముందు చేసి 14 చెబుతుంది. నేను ఏఓఎస్ వాడతాను. మీకు నచ్చింది మీరు పెట్టుకోండి, కానీ మధ్యలో మార్చకండి. ఏ మోడ్‌లో ఉన్నారో మర్చిపోతే 2 + 3 × 4 కొడితే తెలిసిపోతుంది, మూడు సెకన్ల పని.

పీ/వై, అంటే ఏడాదికి ఎన్ని వాయిదాలు. కొత్త మిషన్లలో 1 ఉంటుంది, పాతవాటిలో 12 ఉండేది, సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లు తప్పక చూసుకోండి. దీన్ని 1 మీదే వదిలేసి, నెలవారీ లెక్కలకు ఏడాది వడ్డీని మీరే 12తో భాగించి వేయడం మంచిది.

చివరగా, ప్రతి లెక్కకు ముందు సెకండ్, సీఎల్ఆర్ టీవీఎం (ఆ ఐదు మీటల్లోని అంకెలను తుడిచేది). పాత అంకెలు కడుపులో ఉంటాయి, తెర మీద సున్నా కనబడినంత మాత్రాన పోయినట్టు కాదు. తుడవకుండా కొత్త లెక్క మొదలుపెట్టడమంటే డబ్బా అడుగు ఊడ్చకుండా కొత్త బియ్యం పోసినట్టే.

ఐదో పని: మన ఇంటి లెక్కలతో ప్రాక్టీస్

పుస్తకంలో డాలర్ల లెక్కలు చేస్తే మీటలు గుర్తుంటాయి గానీ జవాబు తప్పయితే మనసుకు తట్టదు. మన లెక్కలైతే జవాబు ఎంత ఉండాలో ముందే ఒక అంచనా ఉంటుంది.

ఐదు లక్షల లోన్, 9 శాతం, ఐదేళ్లు. 60 ఎన్. 9 ని 12తో భాగించి ఈక్వల్, ఐ/వై. 500000 పీవీ. 0 ఎఫ్‌వీ. సీపీటీ (లెక్క తేల్చే మీట), పీఎంటీ. మైనస్ 10,379.18 రావాలి. మైనస్ ఎందుకంటే లోన్ మన జేబులోకి వచ్చింది, వాయిదా జేబులోంచి పోతోంది. మీకు 8,493 చిల్లర వస్తే పీ/వై 12 మీద ఉంది. 10,302 దగ్గర వస్తే బీజీఎన్ మీద ఉంది. చూశారా, ఒక్క లెక్కతో రెండు జబ్బులూ బయటపడతాయి. రోజూ పొద్దున చదువు మొదలుపెట్టే ముందు ఈ లెక్క ఒక్కసారి కొట్టండి.

దాని వెంటే సెకండ్, అమార్ట్ (పీవీ పైన), కట్టిన వాయిదాల్లో అసలెంత, వడ్డీ ఎంత అని విడదీసి చూపేది. పీ1 (మొదటి వాయిదా) దగ్గర 1, పీ2 (ఆఖరి వాయిదా) దగ్గర 12 వేసి, ఒక్కొక్కటీ ఎంటర్ చేస్తూ కిందికి వెళ్లండి. ఏడాది కట్టాక ఇంకా 4 లక్షల 17 వేల పైన బాకీ అని చూపిస్తుంది. లక్షా ఇరవై నాలుగు వేలు కడితే అసలులో తగ్గింది 83 వేల లోపే. హోమ్ లోన్ తీసుకున్న మీ నాన్నకు ఇది చూపించండి, చదువు మీద నమ్మకం కుదురుతుంది.

రెండోది గిరిగిరి, అంటే రోజువారీ వాయిదాల అప్పు. ఊళ్లో చిన్న వ్యాపారాలన్నీ దీని మీదే తిరుగుతాయి. తొమ్మిది వేలు చేతిలో పెడతాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి, మొత్తం పదివేలు. వెయ్యి రూపాయలే కదా, నూటికి పదే కదా అనిపిస్తుంది. కొట్టి చూడండి: 100 ఎన్, 9000 పీవీ, 100 ప్లస్/మైనస్ పీఎంటీ, 0 ఎఫ్‌వీ, సీపీటీ ఐ/వై. దశాంశాలు రెండే పెట్టుకుంటే 0.21 అని చూపించి ఊరుకుంటుంది. నాలుగైతే 0.2126. ఇది రోజు వడ్డీ. 365తో గుణిస్తే ఏడాదికి 77 శాతం దాటింది! తీసుకున్న రోజు నుంచే అసలు తిరిగి కడుతూ పోతున్నాం కాబట్టి తొమ్మిది వేలు వంద రోజులూ మన దగ్గర లేవు, సగటున సగమే ఉన్నాయి. నా వరకు ఐఆర్ఆర్ అంటే ఏంటో పుస్తకంలో కంటే ఈ లెక్కలోనే బాగా తెలిసింది.

ఇందులో 100 ముందు మైనస్ వేయడం మర్చిపోతే ఎర్రర్ 5 వస్తుంది. కంగారు పడొద్దు, అన్నీ లోపలికే వస్తున్నాయి, బయటికి ఏదీ పోవట్లేదు, ఇక వడ్డీ ఎక్కడిది అంటోంది అది. 12సీలోనూ అదే నంబరు.

మూడోది రెండు రూపాయల మిత్తి. నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 అంటాం. మిత్తి మీద మిత్తి పడితే ఎంత? సెకండ్, ఐకాన్వ్ (2 మీట పైన, వడ్డీ రేటును మార్చి చూపేది). నామ్ (పైకి చెప్పే ఏడాది వడ్డీ) దగ్గర 24 ఎంటర్. కిందికి రెండు బాణాలు, సీ/వై (ఏడాదికి ఎన్నిసార్లు మిత్తి కలుస్తుందో) దగ్గర 12 ఎంటర్. పైకి ఒక బాణం, ఈఎఫ్ఎఫ్ (నిజంగా పడే ఏడాది వడ్డీ) దగ్గర సీపీటీ. 26.82. అంతే.

వాయిదాలు నెలకో రకంగా మారే చిట్టీ లాంటి లెక్కలకు సీఎఫ్ (క్యాష్ ఫ్లో) మీట, దాని తర్వాత ఎన్‌పీవీ (వచ్చేవీ పోయేవీ కలిపి ఇవాళ్టి నికర విలువ), ఐఆర్ఆర్. ఒక హెచ్చరిక: సీఎఫ్‌లో వేసిన అంకెలను సీఎల్ఆర్ టీవీఎం తుడవదు. సీఎఫ్ లోపలికి వెళ్లి సెకండ్, సీఎల్ఆర్ వర్క్ నొక్కాలి. మధ్యలో వచ్చిన జవాబులను కాగితం మీద రాసి మళ్లీ కొట్టకండి, ఎస్‌టీఓ (దాచే మీట) 1, ఎస్‌టీఓ 2 అని దాచుకోండి, సున్నా నుంచి తొమ్మిది దాకా పది గదులున్నాయి.

తేదీల మధ్య రోజులు లెక్కించే ఫంక్షన్‌లో నెల ముందు, రోజు తర్వాత వేయాలి. 2025 ఆగస్టు 15 అంటే 8.1525. మనకు ఎడమచేతి వాటంలా ఉంటుంది. ఫార్మాట్‌లో యూరప్ పద్ధతికి మార్చుకుంటే రోజు ముందు వస్తుంది.

పరీక్ష వారం

కొత్త బ్యాటరీ వేయాలనుకుంటే పది రోజుల ముందే వేయండి, ముందు రోజు రాత్రి వద్దు. బ్యాటరీ తీస్తే సెట్టింగులన్నీ పోయి మళ్లీ రెండు దశాంశాలు, సీహెచ్ఎన్ దగ్గరికి వచ్చేస్తుంది. హడావిడిలో అది గమనించరు. కవర్‌లో దూర్చి ఉండే ఫార్ములాల కార్డును ఇంట్లోనే తీసి పెట్టండి, హాలు దగ్గర దాని గురించి వాదించే ఓపిక ఉండదు.

మన దగ్గర నుంచి చాలామంది హైదరాబాద్ సెంటర్ పెట్టుకుంటారు. పొద్దున స్లాట్ అయితే ముందు రోజు సాయంత్రమే కాజీపేటలో రైలెక్కి వెళ్లిపోండి, తెల్లవారుజాము బస్సును నమ్ముకోవద్దు. బ్యాగులో పెట్టేటప్పుడు హాల్‌టికెట్, పాస్‌పోర్ట్, కాలిక్యులేటర్ మూడూ ఒకే కవర్‌లో. రెండు కాలిక్యులేటర్లు ఉంటే రెండూ తీసుకెళ్లండి, రెండింటిలోనూ ఒకే సెట్టింగులు పెట్టుకుని.

సీట్లో కూర్చున్నాక, ప్రశ్న తెరవకముందే: 2 + 3 × 4 ఒకసారి. ఐదు లక్షల లోన్ ఒకసారి. 10,379.18 వస్తే మొదలుపెట్టండి.